గోడ మీది సాలీడుతో మళ్లీ మొదలు: విశాఖలో మాక్రో ఫొటోగ్రఫీకి తిరిగొచ్చేవాళ్ల కోసం

ఏళ్ల తరబడి బీరువాలో ఉండిపోయిన కెమెరాను దులిపి మళ్లీ మాక్రో మొదలుపెడదామని, అంటే సాలీళ్లు, చీమలు, పెంకు పురుగుల వెంట పడి వాటిని పెద్దగా తీద్దామని అనుకున్నప్పుడు మొదట చెయ్యి వెళ్లేది కొత్త లెన్సు కొనడం మీదికే. దాన్ని అన్నిటికన్నా చివరికి వాయిదా వేయండి. 5 మి.మీ. పురుగు ఫొటో బాగా రావాలంటే ముందు మెత్తటి వెలుతురు కావాలి, తర్వాత చేతి నిలకడ కావాలి. లెన్సు మూడో స్థానంలో ఉంటుంది. వెలుతురును ఒక ఆదివారం కూర్చుని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. చేతి నిలకడ రోజుకో పావుగంట సాధన చేస్తే రెండు వారాల్లో తిరిగొస్తుంది.

సామాను ఏ స్థితిలో ఉంది?

విశాఖ గాలిలో తేమ ఎక్కువ, అందులో ఉప్పు కూడా ఉంటుంది. బ్యాగులో మూసిపెట్టిన లెన్సుకు ఇక్కడ మొదటి శత్రువు ఫంగస్. లెన్సు రెండు మూతలూ తీసి, అపర్చర్ (వెలుతురు దూరే కంత) పూర్తిగా తెరిచి, చీకటి గదిలో వెనక నుంచి ఫోన్ టార్చ్ కొంచెం ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. వేళ్లు పారినట్టు సన్నటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగసే. అంచున ఒకటి రెండు పోగులుంటే ఫొటోలో తేడా తెలియదు, వాడుకోవచ్చు. మధ్యలో పొరలా పరుచుకుంటే మాత్రం లెన్సు విప్పించి శుభ్రం చేయించాలి. ఆలస్యం చేస్తే ఫంగస్ అద్దం మీది కోటింగ్‌ను తినేస్తుంది, అప్పుడు తుడిచినా మచ్చ పోదు.

ఫ్లాష్‌లో పాత బ్యాటరీలు ఉండిపోయాయేమో చూడండి. ఆల్కలైన్ సెల్ కారితే స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. చెవిపుల్లను వెనిగర్‌లో కొద్దిగా తడిపి తుడిచి, పొడిపుల్లతో ఆరబెట్టి, ఒక రోజు ఆగి కొత్త సెల్స్ వేయండి. చాలాకాలం వాడని ఫ్లాష్‌ను ఆన్ చేసిన వెంటనే వరసగా కొట్టకూడదు. లోపలి కెపాసిటర్ బద్ధకించి ఉంటుంది. ఆన్ చేసి పది పదిహేను నిమిషాలు వదిలేయండి. తర్వాత ఫుల్ పవర్‌లో, ఒక్కో మెరుపుకూ మధ్య నిమిషం వ్యవధి ఇస్తూ పది సార్లు కొట్టండి. రెడీ లైటు వెలగడానికి పట్టే సమయం క్రమంగా తగ్గుతూ వస్తే ఫ్లాష్ ఆరోగ్యంగా ఉన్నట్టే. రీల్ కెమెరాల కాలం నాటి ఫ్లాష్ దొరికిందని దాన్ని డిజిటల్ కెమెరా నెత్తిన పెట్టకండి. వాటిలో కొన్నిటి ట్రిగ్గర్ వోల్టేజీ 200 దాటుతుంది, కెమెరా సర్క్యూట్ మాడిపోవచ్చు.

కెమెరా బ్యాటరీ ఉబ్బి, లోపలికి బిగుతుగా దూరుతుంటే పక్కన పెట్టేయండి. తర్వాత ఎఫ్/16 దగ్గర (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అపర్చర్ చిన్నదవుతుంది) ఏ మచ్చా లేని తెల్లగోడను ఫోకస్ తప్పించి ఒక ఫొటో తీసి చూడండి. సెన్సార్ మీద దుమ్ము ఉంటే బూడిదరంగు చుక్కలుగా కనపడుతుంది. మామూలు ఫొటోల్లో దాగే దుమ్ము మాక్రోలో దాగదు, ఎందుకో కింద అపర్చర్ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఇంకొకటి, అందరూ మరిచిపోయేది: వ్యూఫైండర్ పక్కన ఉండే డయాప్టర్ చక్రం. నలభై దాటాక దగ్గరి చూపు మారుతుంది. పాత సెట్టింగుతో చూస్తే ఫోకస్ కుదిరినట్టే ఉంటుంది, ఫొటో మాత్రం మసగ్గా వస్తుంది. లెన్సు వైపు చూడకుండా, వ్యూఫైండర్ లోపలి అంకెలు పదునుగా కనపడేదాకా ఆ చక్రం తిప్పండి.

పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) నుంచి ఆ అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్‌కు మారినవాళ్లకి రెండు విషయాలు. ఎలక్ట్రానిక్ షట్టర్ ఆన్‌లో ఉంటే చాలా కెమెరాల్లో ఫ్లాష్ అసలు వెలగదు, మెకానికల్ షట్టర్‌కు మార్చుకోవాలి. మాన్యువల్ సెట్టింగులో వ్యూఫైండర్ కటిక చీకటిగా ఉంటే కెమెరా పాడైందని కంగారు పడొద్దు. మెనూలో ఎక్స్‌పోజర్ ప్రివ్యూ అనే సెట్టింగు ఆపేస్తే వెలుగు వస్తుంది.

ఎంత పెద్దగా, ఎంత లోతుగా

చాలా కెమెరాల్లో ఉండే ఏపీఎస్‌-సీ సైజు సెన్సార్ వెడల్పు సుమారు 23 మి.మీ. అంటే 1x దగ్గర, అనగా వస్తువు సెన్సార్ మీద దాని అసలు సైజులోనే పడినప్పుడు, 23 మి.మీ. వెడల్పున్న లోకం ఫ్రేములో పడుతుంది. 1 సెం.మీ. సాలీడు అందులో సగం కూడా నిండదు. 2x దగ్గర అదే సాలీడు దాదాపు ఫ్రేమంతా ఆక్రమిస్తుంది. ముఖం ఒక్కటే కావాలంటే 3x దాకా వెళ్లాలి. తిరిగొచ్చినవాళ్లు మొదటి నెల 1x దాటకపోవడం మంచిది. పెద్దదిగా చూపాలన్న తహతహలో నేరుగా 3x కి పోతే వంద ఫొటోల్లో ఒక్కటీ నిలవదు, ఆ నిరుత్సాహంతో కెమెరా మళ్లీ బీరువా చేరుతుంది.

ఎందుకంటే ఫోకస్ పట్టే మందం అంత తక్కువ. ఏపీఎస్‌-సీ మీద, ఎఫ్/8 దగ్గర, 1x లో అది సుమారు 0.6 మి.మీ. 2x లో 0.24 మి.మీ. మాత్రమే. మనం ఊపిరి తీస్తే కెమెరా అంతకన్నా ఎక్కువ కదులుతుంది. మరి ఎఫ్/22 పెట్టేస్తే? అక్కడ డిఫ్రాక్షన్, అంటే సన్నటి కంతలోంచి వచ్చే వెలుతురు చెదిరి ఫొటో మసకబారడం, అడ్డొస్తుంది. మాక్రో లెన్సుతో గానీ, కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో గానీ తీసేటప్పుడు, మాగ్నిఫికేషన్‌కు (1x, 2x అనే అంకెకు) ఒకటి కలిపి, దానితో పెట్టిన ఎఫ్ అంకెను గుణించండి. వచ్చేదే అసలు అపర్చర్. అది 22 దగ్గర ఆగాలి. 1x కి ఎఫ్/11, 2x కి ఎఫ్/7.1, 3x కి ఎఫ్/5.6. ఆ పైన ఎంత బిగించినా లోతు పెరిగినట్టే పెరిగి సాలీడు నూగంతా పిండిలా కలిసిపోతుంది. సెన్సార్ దుమ్ము బయటపడేదీ ఈ చిన్న అపర్చర్ వల్లే.

మాక్రో లెన్సు లేనివాళ్లకి మూడు దారులున్నాయి. 50 మి.మీ. లెన్సు ఉంటే 12, 20, 36 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబుల సెట్టు చాలు. మూడూ కలిపితే 68 మి.మీ., దాన్ని 50తో భాగిస్తే దాదాపు 1.36x. టెలిజూమ్ ఉంటే రేనాక్స్ డీసీఆర్‌-250 ముందు తగిలించండి. అది 8 డయాప్టర్ల పవరున్న క్లోజప్ అద్దం, 52 నుంచి 67 మి.మీ. దాకా ఏ ఫిల్టర్ అంచుకైనా క్లిప్పులా పట్టుకుంటుంది. జూమ్ 200 దగ్గర అనంతానికి ఫోకస్ పెడితే 1.6x వస్తుంది, పురుగుకీ అద్దానికీ మధ్య 10–12 సెం.మీ. ఖాళీ ఉంటుంది. దీనికి పై గుణకారం వర్తించదు కాబట్టి ఎఫ్/16 దాకా నిశ్చింతగా వెళ్లొచ్చు. మూడోది, అన్నిటికన్నా చవక, లెన్సును తిరగేసి బిగించే రివర్స్ రింగ్. దీనికి అపర్చర్ రింగు ఉన్న పాత లెన్సు వాడండి. కెనాన్ ఈఎఫ్ లెన్సయితే, కెమెరాకు మామూలుగా తగిలించి, ఎఫ్/8 పెట్టి, డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకునే లెన్సు ఊడదీస్తే ఆ అపర్చర్ అలాగే నిలిచిపోతుంది. రివర్స్ చేసినప్పుడు లెన్సు వెనక అద్దం దుమ్ముకు బయటపడి ఉంటుంది, బీచి వైపు తీసుకెళ్లకండి.

డిఫ్యూజర్: అసలు పని ఇక్కడుంది

సాలీడు కన్ను నున్నటి గోళీ, పెంకు పురుగు వీపు పాలిష్ పట్టిన గిన్నె లాంటిది. నేరు ఫ్లాష్ కొడితే దాని ఆకారం తెల్లటి చుక్కగా అక్కడ అచ్చు పడుతుంది, చుట్టూ రంగు మాయమవుతుంది. పురుగు వైపు నుంచి చూస్తే వెలుతురు ఆకాశమంత వెడల్పుగా కనపడాలి. 5 మి.మీ. పురుగుకు 20 సెం.మీ. తెల్లటి పరదా 3 సెం.మీ. దూరంలో ఉంటే అదే ఆకాశం. ఫ్లాష్ వెలుతురును మెత్తబరిచే ఈ పరదానే డిఫ్యూజర్. పరదా దూరం జరిగేకొద్దీ ఆ ఆకాశం చిన్నదైపోతుంది.

కావలసినవి: నల్ల చార్టు ఒకటి, వంటింటి అల్యూమినియం ఫాయిల్, ట్రేసింగ్ పేపర్, టీవీ అట్టపెట్టెలో చుట్టి వచ్చే 1 మి.మీ. మందం తెల్ల ఫోమ్ షీటు, వెల్క్రో పట్టీ, టేపు. ఫోమ్ ఇంట్లో లేకపోతే ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అడిగితే పారేసేదే ఇస్తారు.

ఫాయిల్‌ను ముందు బాగా నలిపి, మళ్లీ విప్పి, చార్టు ఒకవైపు అంటించండి. నలపకపోతే అద్దంలా పనిచేసి వెలుతురును ఒక్కచోటికే విసురుతుంది. ఫాయిల్ లోపలికి వచ్చేలా చార్టును గరాటులా మడవండి. ఫ్లాష్ తలను పట్టే వైపు దాని కొలత, అవతలి వైపు 15 సెం.మీ. వెడల్పు, పొడవు 18–20 సెం.మీ. ఫ్లాష్ కెమెరా నెత్తిన ఉండి, గరాటు మూతి లెన్సు కొస దాకా రావాలి. మూతికి ట్రేసింగ్ పేపర్ అంటించండి, అది మొదటి పొర. దాని ముందు 4–5 సెం.మీ. ఖాళీ వదిలి ఫోమ్ షీటును గొడుగు వంగినట్టు వంచి రెండు పక్కలా కట్టండి. లెన్సు దూరడానికి కింద అర్ధచంద్రాకారం కోయండి. ఫోమ్ అంచు లెన్సు మూతికి 2 సెం.మీ. ముందుకు ఉండాలి, అంతకు మించితే కొమ్మకు తగిలి పురుగు పారిపోతుంది. రెండు పొరల మధ్య ఆ ఖాళీ లేకపోతే రెండు పొరలున్నా ఒక్కటే ఉన్నట్టు.

తయారయ్యాక పరీక్షకు పోపుల డబ్బాలోంచి ఒక నల్ల ఆవగింజ తీయండి. 2 మి.మీ. కూడా లేని, నున్నటి, గుండ్రటి వస్తువు ఇంతకన్నా మంచిది దొరకదు. ఆకు మీద పెట్టి తీసి, 100 శాతం జూమ్ చేసి మెరుపును చూడండి. అది గింజ పైభాగమంతా పరుచుకుని, అంచుల్లో మెల్లగా కరిగిపోతే డిఫ్యూజర్ కుదిరింది. గట్టి అంచున్న చిన్న తెల్లచుక్కగా ఉంటే పరదా దూరంగా ఉందని అర్థం. వెడల్పుగానే ఉండి నడుమ మాత్రం మండుతున్నట్టుంటే, ట్రేసింగ్ పేపర్ నడిమధ్యన రూపాయి బిళ్లంత ఇంకో ముక్క అంటించండి. పాత ఫోమ్ పసుపెక్కి ఉంటే గింజ పక్కన తెల్లకాగితం పెట్టి తీసినప్పుడు తెలిసిపోతుంది, మార్చేయండి.

సెట్టింగులు, చేతి సాధన

మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందన) 200, షట్టర్ 1/160 లేదా 1/200, పై లెక్క ప్రకారం అపర్చర్, ఫ్లాష్ కూడా మాన్యువల్‌లో 1/16. ఫొటో రా (RAW) ఫైలుగా సేవ్ అవ్వాలి. వైట్ బ్యాలెన్స్ ఫ్లాష్ గుర్తు మీద. మొదటి ఫొటో చూసి చీకటిగా ఉంటే పవర్ 1/8 చేయండి, అంతకు మించి పెంచాల్సి వస్తే ఐఎస్ఓ 400 చేయడం నయం. పవర్ తక్కువగా ఉంచడం దేనికంటే, 1/32 దగ్గర మెరుపు నిడివి సెకనులో పదివేల వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. చెయ్యి వణుకును ఆపేది షట్టర్ కాదు, ఆ మెరుపే. ఫుల్ పవర్‌కు దగ్గరైతే నిడివి పెరిగి వణుకు మళ్లీ ఫొటోలోకి వచ్చేస్తుంది.

వెనక అంతా నల్లగా రావడం అందరికీ ఎదురయ్యే ఫిర్యాదు. దూరం రెట్టింపయితే ఫ్లాష్ వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే పురుగు వెలిగి వెనక ఆకులు చీకట్లో మునుగుతాయి. పురుగు వెనక 3 సెం.మీ. దూరంలో బట్టల క్లిప్పుతో ఒక ఎండిన బాదం ఆకో, పచ్చటి అరటాకు ముక్కో నిలబెడితే చాలు.

సాధనకు పాత పేపరు తీసుకోండి. బల్ల మీద 45 డిగ్రీల ఏటవాలుగా ఆనించి, ఒక వరసలో ఒక్క అక్షరం ఎంచుకుని, 1x దగ్గర పది ఫొటోలు తీయండి. ఫోకస్ రింగును ముట్టుకోకండి, అది మాగ్నిఫికేషన్‌కు మాత్రమే. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, శరీరాన్నే ముందుకు వెనక్కు మిల్లీమీటరు చొప్పున ఊపుతూ, అక్షరం పదునెక్కే క్షణంలో నొక్కండి. ఊపిరి సగం వదిలి ఆగిన చోట నొక్కడం అలవాటు చేసుకోండి. పదిలో ఏడు ఎంచుకున్న అక్షరం మీదే పడేదాకా పురుగుల జోలికి పోవద్దు.

గోడ సాలీడు

వల అల్లకుండా గోడల మీద గెంతుతూ ఈగల్ని పట్టే సాలీడు విశాఖలో దాదాపు ప్రతి ఇంటి వరండాలోనూ ఉంటుంది. ఒళ్లు సెంటీమీటరు లోపే. ఎనిమిది కళ్లలో ముందువైపు రెండు పెద్దవి, ఫోకస్ పెట్టాల్సింది వాటి మీదే. దీనికి కుతూహలం ఎక్కువ, వచ్చిన మనిషిని తిరిగి చూస్తుంది, అందుకే తిరిగొచ్చినవాళ్లకి ఇంతకన్నా మంచి గురువు లేదు.

నీడ దాని మీద పడకుండా పక్క నుంచి వెళ్లండి. అర మీటరు దూరంలో ఆగి, అది తిరిగి చూసేదాకా కదలకండి. తర్వాత వేగం మార్చకుండా దగ్గరికి రండి. ఆగి ఆగి రావడం కన్నా, నెమ్మదిగా ఒకే తీరున రావడమే దానికి తక్కువ బెదురు. ఎడమ అరచేతి అంచు గోడకు ఆనించి, లెన్సును ఆ చేతి వేళ్ల మీద పెట్టుకోండి. గోడ కదలదు కాబట్టి లెన్సూ కదలదు. పురుగు కొమ్మ మీదుంటే అదే ఎడమచేత్తో కొమ్మను పట్టుకుని లెన్సును ఆ చేతికే ఆనించాలి, అప్పుడు గాలి వీచినా రెండూ కలిసే ఊగుతాయి.

దాని పెద్ద కళ్లను కాసేపు గమనించండి. రంగు మారుతుంటుంది. కన్ను బయటి అద్దం కదలదు, లోపలి రెటీనా గొట్టం అటూ ఇటూ తిరుగుతుంది. లేతగా, గోధుమరంగులో కనిపిస్తే పక్కకు చూస్తోందని, నిగనిగలాడే నలుపుకు తిరిగితే సూటిగా లెన్సులోకే చూస్తోందని అర్థం. ఆ నలుపు వచ్చినప్పుడు నొక్కండి.

నిలువుగా ఉన్న గోడను పై నుంచి తీస్తే వీపు మాత్రమే వస్తుంది. లెన్సు గోడకు దాదాపు సమాంతరంగా, దాని కళ్ల ఎత్తులో ఉండాలి. అప్పుడు ఫోమ్ అంచు గోడకు రాసుకుంటుంది, ఆ వైపు కొంచెం పైకి మడిచి క్లిప్పు పెట్టండి.

ఎక్కడ, ఎప్పుడు

ఉదయం తొమ్మిదిలోపు తీయడం మేలు. రాత్రి చల్లదనానికి పురుగులు ఇంకా మందకొడిగా ఉంటాయి, ఎండ ముదిరి సముద్రపు గాలి లేచాక ఏ ఆకూ నిలవదు. జూన్‌లో ఇక్కడ ఐదున్నరకే తెల్లవారుతుంది, ఆ వేళకే సిద్ధంగా ఉండండి.

డాబా మీది కరివేపాకు కుండీలో లేత ఆకుల మీద మిల్లీమీటరంత గుండ్రటి సీతాకోకచిలుక గుడ్లు దొరుకుతాయి, కదలవు కాబట్టి 2x సాధనకు అవే సరి. ఖాళీ స్థలాల్లో జిల్లేడు మొక్క కనపడితే ఆకు అడుగున పసుపు పేనుబంక, దాన్ని తినడానికి వచ్చిన అక్షింతల పురుగు కలిసే ఉంటాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, ఆకు తుంచకండి. మామిడి చెట్టు మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలుంటే ఒక్కొక్క చీమనూ శ్రద్ధగా చూడండి. మీసాలకు బదులు ముందుకాళ్లు ఎత్తి ఆడిస్తూ, లెక్కపెడితే ఎనిమిది కాళ్లు తేలితే అది చీమ వేషంలో ఉన్న సాలీడు. ముట్టుకుంటే దారం వదులుతూ కిందికి జారిపోతుంది.

తొలకరి పడి ఆరుద్ర కార్తె వచ్చాక, అంటే జూన్ చివరి వారంలో, తడి నేల మీద ఎర్ర మఖ్మల్ లాంటి ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. వాటికీ ఎనిమిది కాళ్లే, సాలీళ్ల బంధువులు. ఆ ఎరుపు సెన్సార్‌ను ముంచేస్తుంది. కెమెరాలో ఎరుపు హిస్టోగ్రామ్ (ఎరుపు వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) కుడి అంచుకు తగలకుండా ఫ్లాష్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి, లేకపోతే మఖ్మల్ నూగు పోయి ప్లాస్టిక్ ముద్దలా వస్తుంది.

పూల మీద కాపు కాసే పీత సాలీడు గంటల తరబడి ఒకే చోట ఉంటుంది. ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పదిహేను ఫ్రేములు తీసి కలిపే స్టాకింగ్‌కు అదే అనువు. 2x, ఎఫ్/5.6 దగ్గర ఫోకస్ మందం 0.17 మి.మీ. ముఖం లోతు 1.5 మి.మీ. అనుకుంటే, ఒకదాని మీదొకటి మూడో వంతు పడేలా 12–14 ఫ్రేములు కావాలి. ముందు కాళ్ల నుంచి మొదలుపెట్టి లోపలికి ఒకే దిశలో జరగండి. వెనక్కు వచ్చి మళ్లీ ముందుకు పోతే ఫ్రేములు కలిపే సాఫ్ట్‌వేర్లు హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ రెండూ తికమకపడి నూగు చుట్టూ దెయ్యపు అంచులు గీస్తాయి. ఫ్లాష్ 1/32 మీద ఉంటేనే అన్ని ఫ్రేములకూ రీఛార్జి అందుతుంది. ఒక్కటి చీకటిగా వచ్చినా దాన్ని తీసేసే కలపండి.

కంబాలకొండ అడవి సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. గేటు దగ్గర కెమెరా నియమాలు అడిగి, బాట వదలకుండా తీయండి. అక్కడే కాదు, సింహాచలం కొండ పొదల్లోనూ మోకాళ్ల మీద కూర్చునే ముందు కర్రతో ఆకులు కదపాలి. రక్తపింజరి ఎండుటాకుల్లో కలిసిపోతుంది. పొదల్లో ఉండే, కంటికి ఆనని చిగ్గర్ పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు కాబట్టి ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు ఉతకండి.

కదలకుండా ఉంటుందని పురుగును ఫ్రిజ్‌లో పెట్టి తీసే పద్ధతి ఒకటి చెలామణిలో ఉంది. దాన్ని దరి చేరనీయకండి. చల్లబడ్డ పురుగు కాళ్లు ముడుచుకుంటుంది, బయటికి రాగానే మన తేమకు కళ్ల మీద నీటి పొర కడుతుంది, చాలాసార్లు చచ్చిపోతుంది. చూసినవాళ్లకి ఆ ఫొటోలో ప్రాణం లేదని తెలుస్తూనే ఉంటుంది.

పొద్దున్నే కెమెరాను ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తీయకండి. బ్యాగు జిప్పు మూసే అరగంట ఉంచితే అద్దం మీద ఆవిరి పట్టదు. బీచి దగ్గర తీసి ఉంటే పిండిన తడి గుడ్డతో బాడీ తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. రాత్రికి లెన్సులు గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్‌తో, లోపల తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి దాచండి. ముల్లు 40–50 శాతం మధ్య ఉండాలి. అరవై దాటితే జెల్‌ను పెనం మీద సన్న సెగన వేయించి, చల్లారాక మళ్లీ డబ్బాలో పెట్టండి. ఫ్లాష్ లోంచి సెల్స్ మాత్రం ఆ రాత్రే తీసేయండి.